పేక ముక్కలతో కట్టిన పట్నం

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. మాట్లాడిన తీరు మార్చలేదు, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి, కావలి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారని ఇప్పుడే చెప్పారు. సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాప మీద చోటుంది. ఫ్యాను చప్పుడులో నా గొంతు వినబడకపోతే చెయ్యెత్తండి.

నేను ఇళ్ళ ప్లాన్లు, లేఅవుట్లు గీస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇవాళ మాట్లాడబోయేది మాత్రం కాంక్రీట్ జంగిల్ అనే ఒక వీడియో గేమ్ గురించి. పెద్దవాళ్ళు కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మీ మనసులో ఏముందో నాకు తెలుసు. "ఏందయ్యా, పిల్లలు ఫోను వదలట్లేదని మేం మొత్తుకుంటుంటే నువ్వు గేముల మీద ఉపన్యాసమా?" అని. పైగా ఇది పేక ముక్కలతో పట్నం కట్టే గేమ్. గేమూ, పేకాటా రెండూ ఒకేచోట కలిశాయి! కాబట్టి ముందు ఈ పేక సంగతి తేల్చుకుందాం.

రమ్మీ ఎలా ఆడతాం? పదమూడు ముక్కలు పంచుతారు. వచ్చినవాటితో సర్దుకోవాలి. కట్ట ఎవరిది? అందరిదీ. అందులో ఏముండాలో ఎవరూ మార్చలేరు. ఇప్పుడు ఒక్క నిమిషం వేరేలా ఆలోచించండి. కట్ట మీ సొంతం. చిన్న కట్ట. ఆట నడుస్తుండగా అందులో ఏ ముక్క చేర్చాలో మీరే ఎంచుకుంటారు. చేర్చిన ముక్క వెంటనే చేతికి రాదు. కట్టలో కలిసిపోతుంది, తన వంతు వచ్చినప్పుడు వస్తుంది. దీన్నే డెక్‌బిల్డింగ్ అంటారు. మన మాటల్లో కట్ట కూర్చుకోవడం. పందెం లేదు, డబ్బు లేదు. ఆ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆన్‌లైన్ రమ్మీలో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళు మనందరికీ తెలుసు. ఇది అది కాదు.

ఈ కట్ట కూర్చుకునే పద్ధతికి పేరు తెచ్చింది డొమినియన్ అనే బల్ల మీద ఆడే ఆట. 2008లో వచ్చింది, డొనాల్డ్ వక్కారినో చేశారు. అందరికీ మొదట అవే పది ముక్కలు. ఏడు రాగి నాణేలు, మూడు చిన్న ఎస్టేట్లు. అక్కణ్ణించి ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకోవాలి. అది ఒక పాయ. రెండో పాయ పట్నాలు కట్టే ఆటలది. వాటికి పేరు వచ్చింది సిమ్‌సిటీ అనే కంప్యూటర్ ఆటతో, 1989లో. దాన్ని చేసిన విల్ రైట్ అంతకుముందు హెలికాప్టరుతో బాంబులేసే ఆట ఒకటి చేస్తూ, బాంబులు వేయడం కంటే కింద ఊళ్ళకు రోడ్లు, ఇళ్ళు గీయడమే తనకు ఎక్కువ సరదాగా ఉందని గమనించాడు. ఆ సరదా నాకు బాగా అర్థమవుతుంది. తెల్ల కాగితం మీద మొదటి రోడ్డు గీసినప్పుడు చేతికి కలిగే ఆనందం వేరు.

ఈ రెండు పాయలూ కలిసిన ఆట కాంక్రీట్ జంగిల్. 2015లో వచ్చింది. ఇంగ్లండుకు చెందిన కోల్ జెఫరీస్, కోల్‌పవర్డ్ గేమ్స్ అనే పేరుతో చేశారు. అంతకుముందు మెగాసిటీ అనే ఫోను ఆట ఒకటి చేసి, ఆ ఆలోచనే పెంచి, కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి దీన్ని తీసుకొచ్చారు. పదేళ్ళు దాటిన ఆట. కొత్త ఆటలు ఇన్ని ఉండగా దీని గురించే ఎందుకు? ఇరవై రెండేళ్ళలో నేను కస్టమర్లకు నచ్చజెప్పలేకపోయిన ఒక విషయం ఈ ఆట పావుగంటలో చెప్పేసింది. అందుకు.

ఏమిటా విషయం? బోర్డు మీద గీస్తాను.

ఇదిగో, ఆరు అడ్డ వరసలు, నాలుగు నిలువు వరసలు. ఒక్కో గడిని ఒక అంకణం అనుకోండి. మన నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు వెళితే 36. అది వేరే గొడవ, వదిలేద్దాం. ఆటలో ఒక్కో ముక్క ఒక్కో కట్టడం, ఇల్లో, పార్కో, ఫ్యాక్టరీయో. చేతికొచ్చిన ముక్కను ఒక గడిలో పెట్టాలి. ప్రతి నిలువు వరస మీదా ఒక అంకె ఉంటుంది. ఆ వరసలో ఉన్న ఇళ్ళకు మొత్తం అన్ని పాయింట్లు రావాలి. వస్తే ఆ వరస పూర్తయి తెర మీంచి జారిపోతుంది. అవతలి కొసన కొత్త వరస పుడుతుంది. ముందుకెళ్ళేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. మరి పాయింట్లు ఎక్కణ్ణించి వస్తాయి? ఇంటికి సొంతంగా విలువ లేదు. వినండి, ఇదే అసలు మాట. ఇంటికి సొంతంగా విలువ లేదు. అది కూర్చున్న గడికి చుట్టుపక్కలవాళ్ళు ఏమిచ్చారో అదే దాని విలువ. పక్కన పార్కుంటే పెరుగుతుంది, ఫ్యాక్టరీ ఉంటే తరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి అంకెలు నేనే వేస్తున్నాను, ఆటలో ఒక్కో ముక్కకు ఒక్కో తీరు ఉంటుంది. మొదటి నిలువు వరసకు ఆరు పాయింట్లు కావాలి. రెండో నిలువు వరసలో, పైనుంచి మూడో గడిలో పార్కు పెట్టాను. చుట్టూ ఎనిమిది గళ్ళకూ తలా రెండు ఇస్తుంది. మొదటి వరసలో రెండో గడిలో ఒక ఇల్లు, నాలుగో గడిలో ఒక ఇల్లు. ఎన్నయ్యాయి? నాలుగు. మధ్యలో, మూడో గడిలో ఇంకో ఇల్లు పెడితే ఆరు. వరస పూర్తి. కానీ ఇప్పుడు చేతికొచ్చింది ఇల్లు కాదు, ఫ్యాక్టరీ. చుట్టూ ఎనిమిది గళ్ళకూ మైనస్ మూడు. పెట్టక తప్పదు. ఎక్కడ పెడతారు?

చెప్పండి, మొహమాటం వద్దు. అమ్మా మీరు? మూడో వరస మధ్యలోనా? మొదటి వరసకు తగలదు, నిజమే. కానీ పార్కు గడి పోగా ఏడు ఖాళీ గళ్ళు చెడిపోయాయి. ఆ గళ్ళే రేపు మొదటి వరసలోకొస్తాయి. ఇవాళ గట్టెక్కారు, రేపటి మీద అప్పు పెట్టారు. మీరు చెప్పండి సార్. చివరి వరసలో పై మూలా? కొత్త వరస పుట్టగానే ఆ మూల మూలగా ఉండదు. ఆ నీలం చొక్కా తమ్ముడు ఏదో అంటున్నాడు, గట్టిగా చెప్పు నాయనా. మొదటి వరసలోనే, అడుగు గడిలో! భలే. ఇళ్ళకు తగలదు. మూడే మూడు గళ్ళు తగ్గుతాయి, వాటిలో ఒకటి ఆ వరసతోనే పోతుంది, ఫ్యాక్టరీ కూడా పోతుంది. ఆటగాడిగా ఇది మంచి ఎత్తు. ఈ జవాబు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

సిమ్‌సిటీలో డబ్బుంటే చాలు, ఏం కావాలంటే అది, ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. వద్దనుకున్న ముక్క వస్తుంది. వచ్చినదాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పట్నమంటే మనం కోరుకున్నవి మాత్రమే కాదు కదా. శ్మశానం ఉండాలి. చెత్త డంపు ఉండాలి. సబ్‌స్టేషను ఉండాలి. ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. ఎక్కడ అనేసరికి ఎవరూ మాట్లాడరు.

మా అమ్మమ్మ వాళ్ళది కోవూరు. ఇంటి వెనకే ఒక రైసు మిల్లు. ఉప్పుడు బియ్యం చేసే మిల్లు, ఊక మండించే బాయిలరు. ఆ ఊక బూడిద ఎలా ఉంటుందో ఎంతమంది చూశారు? నల్లగా, సన్నగా, దోమ రెక్కంత ఉంటుంది. వేలితో ముట్టుకుంటే చెదిరిపోయి ఇంకా పెద్ద మరకవుతుంది. అమ్మమ్మ దండెం మీద బట్టలు ఆరేసే ముందు చీర కొంగు చెయ్యెత్తి పట్టుకుని గాలి ఎటు వీస్తోందో చూసేది. మిల్లు వైపు నుంచి వీస్తుంటే బట్టలు వసారాలోనే. తెల్ల పంచెలైతే గాలి ఎటున్నా వసారాలోనే. అమ్మమ్మ ఒక్కరోజు కూడా మిల్లును తిట్టగా నేను వినలేదు. తాతయ్య ఆ మిల్లులోనే గుమస్తా. ఆ పొగలోంచే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఈ ఆటలో ఫ్యాక్టరీ ముక్క అచ్చం అంతే. పక్క గళ్ళ విలువ తగ్గిస్తుంది, కానీ ఆదాయం తెస్తుంది. ఆదాయం ఒక మీటరులో పోగవుతుంది. అది నిండితే కట్టలోకి కొత్త ముక్క చేర్చుకునే అవకాశం. అంటే పార్కులు, ఇళ్ళు మాత్రమే పెట్టుకుంటూ పోతే కట్ట పెరగదు, ముందు ముందు పెద్ద అంకెలు అందవు. ఫ్యాక్టరీలే పెట్టుకుంటూ పోతే వరస దాటదు. ఈ ఇరకాటాన్ని ఒక్క వాక్యమైనా ఉపదేశం లేకుండా, రెండు అంకెలతో చెప్పారు. నేను చూసినంతలో ఏ పాఠ్యపుస్తకమూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

కట్ట గురించి ఇంకొంచెం చెప్పాలి, కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొత్త ముక్క ఇస్తామంటే ఎవరైనా వద్దంటారా? మంచి ముక్కే కదా, చేర్చుకుందాం అనుకుంటాం. లెక్క చూడండి. కట్టలో పది ముక్కలు, అందులో రెండు పార్కులు. పది ఎత్తుల్లో పార్కు రెండుసార్లు వస్తుంది. ఇంకో పది మంచి ముక్కలు చేర్చారు. ఇప్పుడు ఇరవై ఎత్తుల్లో రెండుసార్లే. మీ పథకం మొత్తం పార్కు మీద ఆధారపడి ఉంటే మీరే దాన్ని పలచన చేసుకున్నారు. ఏది చేర్చాలో తెలియడం కంటే, నా ఊరికి ఏ రెండు మూడు ముక్కలు ప్రాణమో తెలియడం ముఖ్యం. నేను మొదట్లో వరసగా ఓడిపోయింది ఇందుకే. సినిమా హాలు, లైబ్రరీ, ఫైర్ స్టేషను, కనిపించిందల్లా చేర్చుకున్నాను. ఇల్లు కావాల్సిన ఎత్తులో ఇల్లు రాలేదు.

ఎదురెదురుగా ఆడే పద్ధతి కూడా ఉంది. ఒకే నేల, ఇద్దరు మనుషులు. ఒక వరసలో ఎవరి ఇళ్ళకు ఎక్కువ పాయింట్లుంటే ఆ వరస వాళ్ళది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, తనతో ఆడతాను. మొదటి రోజే నా రెండిళ్ళ పక్కన ఫ్యాక్టరీ తెచ్చి పెట్టింది. "ఏంటమ్మా ఇది?" అంటే "నా స్థలంలో నేను పెట్టుకున్నా నాన్నా" అంది. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! ప్లాను గీయించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది అనే మాట అదే. నా స్థలం, నా ఇష్టం. పక్కింటి కిటికీకి గాలి ఆగిపోతుందండీ అంటే, కిటికీ వాళ్ళది, గోడ నాది అంటారు. హద్దు రాయి దగ్గర స్థలం ఆగుతుంది. పొగ ఆగుతుందా? నీడ ఆగుతుందా? మురుగు ఆగుతుందా? అమ్మాయి పెట్టిన ఆ ఫ్యాక్టరీ పక్కన నేను పార్కు పెట్టి సర్దుకోవాల్సి వచ్చింది. నా పార్కు వల్ల తన ఇళ్ళకు కూడా రెండేసి పాయింట్లు పెరిగాయి. చెడు హద్దు దాటినట్టే మంచి కూడా దాటుతుంది. ఇది తెర మీద అంకెల్లో కనబడుతుంటే మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

సరే. ఇక లోపాలు. చిన్నవి ముందు చెప్పేస్తాను. ఆటలో తెలుగు లేదు. ముక్కల మీద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలు. తెలుగు మీడియం పిల్లలకు పక్కన ఒకరు కూర్చుని చెప్పాలి. రోడ్లు, నీళ్ళు, ట్రాఫిక్ లాంటి లెక్కలు వదిలేశారు. కావాలనే వదిలేశారు, ఆట చురుగ్గా నడవడానికి. పట్నం కట్టిన తృప్తి కోసం కూర్చుంటే మాత్రం నిరాశ తప్పదు. ఇది పట్నం బొమ్మ వేసుకున్న లెక్కల చిక్కుముడి.

అదృష్టం సంగతి. కొన్నిసార్లు ఎంత బాగా ఆడినా ముక్కలు కలిసిరావు. చేతిలో ఇల్లు లేదు, వరసకు ఒక్క పాయింటు తక్కువ, వచ్చేదల్లా ఫ్యాక్టరీ. అరగంట కష్టం పోతుంది. టెన్షన్ వచ్చేస్తుంది. కట్ట సన్నగా ఉంచుకుంటే ఇది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. రమ్మీ ఆడేవాళ్ళకు ఇది కొత్త కాదు, చదరంగం ఆడేవాళ్ళకు మాత్రం నచ్చదు. నాకైతే ఫరవాలేదు. పట్నానికి కూడా అన్నీ అడిగిన వరసలో రావు.

అసలు లోపం వేరే ఉంది. తమ్ముడూ, నీలం చొక్కా, నీ జవాబు దగ్గరికి వచ్చాం. ఫ్యాక్టరీని మొదటి వరస అడుగున పెట్టమన్నావు. వరస పూర్తవుతుంది, జారిపోతుంది, ఫ్యాక్టరీ కూడా దానితో పోతుంది. ఆటలో అది తెలివైన ఎత్తు. నేనూ అలాగే ఆడతాను, అలా ఆడితేనే గెలుస్తాం. కానీ ఎక్కడికి పోయింది అది? ఆ వరసలో ఉన్న ఇళ్ళు ఎక్కడికి పోయాయి? పాయింట్లు వచ్చేదాకా వాటితో పని, వచ్చాక వాటి ముఖం చూడం. పూర్తయిన వరసకు జ్ఞాపకం లేదు. ఇరుగుపొరుగు అంటే ఏమిటో ఇంత బాగా చెప్పిన ఆట, నేలకు మతిమరుపు పెట్టింది. నాకు బాధ అక్కడే.

నేల మరిచిపోతుందా? 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చింది. మీలో చాలామంది చూశారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే తెగింది. పొర్లుకట్ట వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు ఎక్కడికి వెళ్ళాయి? తాము ఒకప్పుడు వెళ్ళినచోటికే వెళ్ళాయి. కాలువ పూడ్చి సైట్లేసిన చోట ప్లాను గీయమని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. కాగితం మీద అది మామూలు గడే, తెల్లగా ఉంటుంది. నేల మీద వాన పడితే అది కాలువే. ఒకటి రెండు అలాంటి ప్లాన్లు నేను గీసిచ్చాను కూడా. చిన్న వయసు, అవసరం, అడిగే ధైర్యం లేదు. ఇవాళ అటువైపు వెళ్ళినప్పుడు ఆ ఇళ్ళ గుమ్మాల ఎత్తు చూస్తాను. ఒక ఇంటాయన రెండు మెట్లు అదనంగా కట్టించుకున్నాడు. ఆ రెండు మెట్లూ నేను గీయాల్సినవి.

తర్వాత వచ్చిన ఆటలు కొన్ని ఈ లోపాన్ని వేరే దారుల్లో చూశాయి. 2019లో వచ్చిన ఐలాండర్స్‌లో కట్టినవి ద్వీపం మీద అలాగే ఉంటాయి, కొత్త ద్వీపానికి వెళ్ళేదాకా. 2023లో పూర్తిగా విడుదలైన అగైనెస్ట్ ది స్టార్మ్‌లో ఊళ్ళు మళ్ళీ మళ్ళీ కట్టాలి, ఏ భవనాలు దొరుకుతాయో ముందే తెలియదు. రెండూ మంచి ఆటలు. రెండో దాని గురించి ఇంకోసారి మాట్లాడదాం, ఇవాళ టైము సరిపోదు. అయినా ఇరుగుపొరుగు లెక్కను కాంక్రీట్ జంగిల్ పట్టుకున్నంత గట్టిగా ఇంకే ఆటా పట్టుకోలేదని నా నమ్మకం.

అందుకని మా అమ్మాయీ, తన స్నేహితురాళ్ళూ, నేనూ కలిసి ఒక పని మొదలుపెట్టాం. ఈ సంచిలో ఉంది చూడండి. పెళ్ళి శుభలేఖల అట్టలు కోసి చేసిన ముక్కలు, నలభై. మన ఊరి ముక్కలు. రైసు మిల్లు, చెరువు, కాలువ, వరి మడి, రొయ్యల గుంట, బడి, దర్గా, గుడి, బస్టాండు. గ్రానైటు కోత యంత్రం కూడా ఉంది, చీమకుర్తి వాళ్ళు అడిగారని. గళ్ళ కాగితం మీద ఆడాలి. వరస పూర్తయితే పాయింట్లు వస్తాయి కానీ వరస జారిపోదు. ఎవరైనా తీసేస్తే తప్ప పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, ఆట చివరిదాకా.

ఒక్క రూలు దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. రొయ్యల గుంట. గుంట పెట్టినవాడికి ఆదాయం బ్రహ్మాండంగా వస్తుంది. ఉప్పునీళ్ళు ఊరి, పక్క వరి మడి ప్రతి రౌండుకూ ఒక్కో పాయింటు తగ్గుతుంది. అక్కడిదాకా అందరం ఒప్పుకున్నాం. మరి గుంట తీసేస్తే? మా అమ్మాయి తగ్గడం ఆగాలంటుంది. తీసేసినా ఉప్పు నేలలోనే ఉంటుంది కాబట్టి మూడు రౌండ్ల దాకా తగ్గాలని నేనంటాను. ఇందుకూరుపేట నుంచి వచ్చిన పెద్దాయన ఇక్కడే ఉన్నారు, రొయ్యలూ చేశారు, వరీ చేశారు. అయ్యా, మీరు ఈ బల్ల దగ్గర కూర్చోండి, మీ మాటే రూలు. మిగిలినవాళ్ళు నలుగురు నలుగురుగా సర్దుకోండి. ల్యాప్‌టాప్‌లో అసలు ఆట చూడాలనుకునేవాళ్ళు కిటికీ వైపుకు రండి. నీలం చొక్కా తమ్ముడూ, ఇట్రా. ఈ కట్ట నువ్వు కలుపు.